గట్టెక్కిన గుళ్లు

ఆపదనుండి తప్పించుకొన్నవానిని గుఱించి మనవారు "గట్టెక్కినాడు" అందురు. ఏటి ఒడ్డున బ్రదికినవారి నోట పుట్టిన మాట యిది. వరదలో చిక్కినవానికి గట్టు దొరకుటయే ప్రాణము దొరకుట. కృష్ణా తుంగభద్రలు కలియు సీమలో ఈ నుడికారమునకు అక్షరాల సరిపోవు చరిత్ర యొకటి నడచినది. అచ్చట గుళ్లు గట్టెక్కినవి. రాయికి రాయి విడదీయబడి, నీరందని మెట్టకు చేరి, మరల గుళ్లుగా నిలిచినవి. ఆ గుళ్లను కొలిచిన ఊళ్లు మాత్రము నీటిక్రిందికి పోయినవి. ఈ రెండు సంగతులలో ఒకదానిని చూచి రెండవదానిని విడిచినవాడు ఆ తీరమును సగమే చూచినవాడు.

నేడు జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అనబడు మూడు జిల్లాలును 2016 అక్టోబరు వఱకు మహబూబునగరు జిల్లాలోని భాగములు. నిజాము పాలన ముగియువఱకు ఈ ప్రాంతమున గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానము లుండెను. కవిపండితులను ఆదరించిన సంస్థానములుగా వానికి పేరు గలదు. కృష్ణ పడమటనుండి వచ్చి ఈ మూడు జిల్లాలను తాకుచు పాఱును. తుంగభద్ర ఆలంపురమును ఒరసికొని వచ్చి కూడవెల్లికడ కృష్ణలో కలియును. ఆ కలయికకు దిగువన నది నల్లమల కొండలలో చొచ్చి శ్రీశైలము చేరును. సెలవుదినమున వేకువనే బయలుదేఱినవారు ఆలంపురమున మొదలుపెట్టి, బీచుపల్లికడ కృష్ణను దాటి, పెబ్బేరుకడ తూర్పునకు తిరిగి, కొల్లాపురము మీదుగా సాయంకాలమునకు సోమశిల ఒడ్డు చేరవచ్చును. మూడు జిల్లాల నేలయు ఒక్క పగటిలో చూచినట్లగును. పిల్లలతో కూడిన కుటుంబమునకు ఇది విహారమునకు మంచి దారి. విచారమునకు అంతకంటె మంచి దారి.

ఆలంపురము శ్రీశైలమునకు పశ్చిమద్వారమని ప్రసిద్ధి. ఇచ్చటి నవబ్రహ్మాలయములను బాదామి చాళుక్యుల కాలమున, క్రీ. శ. 7, 8 శతాబ్దములలో నిర్మించిరి. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అను తొమ్మిది బ్రహ్మల పేరులు వీనికి గలవు. పేరు బ్రహ్మదైనను లోన వెలసినవాడు శివుడు. తారకబ్రహ్మాలయము దక్షిణదేశపు తీరున నుండగా, తక్కినవాని శిఖరములు ఉత్తరదేశమున కానవచ్చు రేఖానాగర పద్ధతిలో మెల్లగా లోనికి వంగుచు పైకి పోయి, ఉసిరికకాయను పోలిన ఆమలకముతో ముగియును. పదునెనిమిది శక్తిపీఠములలో ఐదవదిగా ఎన్నబడు జోగులాంబ ఇచ్చటి దేవత. ఆమె పాతగుడి ఏనాడో నశింపగా, విగ్రహమును బాలబ్రహ్మాలయమున నుంచి తరతరములుగా కొలిచిరి. పూర్వస్థలముననే క్రొత్తగుడి 2005లో వెలసినది.

ఈ శిథిలముల విలువను తెలుగువారికి తెలుపుటకు జీవితము ధారపోసినవారిలో గడియారం రామకృష్ణశర్మగారు ముఖ్యులు. ఆయన 1919లో జన్మించి 2006లో గతించిరి. శాసనములు చదువుట, పత్రిక నడపుట, సభలు కూర్చుట ఆయన పనులు. 1953లో ఆంధ్రసారస్వతపరిషత్తు సభలు మహానగరమును విడిచి ఆలంపురము వంటి చిన్న ఊరిలో జరిగినవి. సర్వేపల్లి రాధాకృష్ణపండితులు వాని కేతెంచిరి. పాడుపడిన గుడి పురావస్తుశాఖవారి సొత్తు మాత్రమే కాదు, దాని నీడలో బ్రదుకు ఊరిదికూడ నని అట్టివారి కృషివలన జనులకు తోచినది. ఈ భావమును మనసున నుంచుకొని ముందునకు సాగవలెను.

ఆలంపురమున ప్రాచీనాలయముల వరుసలో ఇంకొక గుడి గలదు. ప్రాకారమును, చక్కని శిల్పమును గలిగి, మొదటినుండియు అచ్చటనే యున్నదా యన్నట్లు కుదురుగా కూర్చున్నది. అది కూడవెల్లి సంగమేశ్వరాలయము. పేరే దాని కథను చెప్పుచున్నది. రెండు నదులు కలియుచోట వెలసిన దేవుడు కనుక సంగమేశ్వరుడు. నేడు ఆ దేవుని చెంత సంగమము లేదు. కృష్ణా తుంగభద్రల కూడలి ఆయనకు మైళ్ల దూరమున నున్నది. పట్టణమునకు నైరృతిదిశను పాపనాశనమను పేర చిన్నపెద్ద గుళ్ల గుంపొకటి గలదు. అదియు పూర్వము నదియొడ్డుననుండి, నీరు వచ్చునని తెలిసినపిమ్మట మెట్టకు తరలినదే. కొల్లాపురమున నున్న మాధవస్వామి గుడి మంచాలకట్టనుండి వచ్చినది. విష్ణువుయొక్క ఇరువదినాలుగు మూర్తుల శిల్పములకు అది పేరు పొందినది. జటప్రోలు మదనగోపాలస్వామి కోవెల, సోమశిల సోమేశ్వరుని గుళ్లగుంపు, అన్నియు ఇట్లే తమ తావులు విడిచి మెట్ట చేరినవి. మూడు జిల్లాలలో ఒక్కనాడు తిరిగిన యాత్రికుడు తెలియకయే ఒక పెద్ద వలసబాటను అనుసరించి నడచినవాడగును.

ఈ వలసకు కారణము శ్రీశైలము ఆనకట్ట. 1963 జూలై 24న జవహర్‌లాల్ నెహ్రూ దానికి శంకుస్థాపన చేసిరి. నల్లమల లోయలో కృష్ణకు అడ్డముగా లేచిన ఆ కట్టవెనుక నీరు 885 అడుగుల మట్టమువఱకు నిలుచునట్లు ఏర్పాటయ్యెను. 1980 దశకపు తొలియేండ్లలో జలాశయము నిండసాగెను. కుడి ఎడమ గట్ల విద్యుత్కేంద్రములు రెండును కలిసి 1,670 మెగావాట్ల శక్తిని ఉత్పత్తిచేయుటకు నిర్మింపబడినవి. ఆ జలాశయపు నీరు రాయలసీమ కాలువలకును, మద్రాసు పట్టణపు దాహమునకును పోయినది. మునిగిన ఎడమగట్టుననున్న పాలమూరు పొలములకు ఆ నీటిని ఎత్తిపోయు కల్వకుర్తి పథకమువంటివి చాలకాలము తరువాతగాని రాలేదు. ఆనకట్ట నిరుపయోగమని ఎవ్వరును అనజాలరు. ఇంట దీపము వెలిగించుకొనుచు, ఆ దీపమునకు చమురు పోసినవారిని మఱచుట తగదని మాత్రమే చెప్పదగును.

గుళ్లను తరలించుట మన దేశమున నదే మొదలు కాదు. ఇదే కృష్ణపై నాగార్జునసాగరము కట్టునపుడు 1954 మొదలు 1960 వఱకు నాగార్జునకొండ లోయలో ఆర్. సుబ్రహ్మణ్యము గారి నాయకత్వమున తవ్వకములు జరిగి, బౌద్ధకట్టడములు కొన్ని కొండపైనను, మఱికొన్ని అనుపులోను మరల నిర్మింపబడెను. ఈజిప్టుదేశమున నైలునదిపై ఆస్వాన్ పెద్దఆనకట్ట కట్టునపుడు అబూసింబెల్‌లోని రామెసీసు చక్రవర్తి గుడిని 1964 నుండి 1968 వఱకు ముక్కలుగా కోసి, సుమారు 65 మీటర్ల ఎత్తునకు చేర్చిరి. ఐక్యరాజ్యసమితివారి విద్యాసంస్కృతిసంస్థ దేశదేశములనుండి ధనమును విద్వాంసులను కూర్చి ఆ పని నెఱవేర్చెను. అట్టి వార్తలు విన్న తరములోనివారే మన శ్రీశైలము ముంపునుండి ఆలయములను రక్షించుటకు పూనిరి. ముంపుప్రాంతమున తవ్వకములును జరిగినవి. కర్నూలు వైపు వీరాపురమున ప్రాచీనమానవుని కాలమునుండి ఇక్ష్వాకుల కాలమువఱకు గల జీవనపు ఆనవాళ్లును, ఇటుకతో కట్టిన శివాలయములును బయల్పడినవి. ఆంధ్రప్రదేశ పురావస్తుశాఖకు నాడు సంచాలకులైన వి. వి. కృష్ణశాస్త్రిగారివంటి వారు ఈ కాలమున చేసిన సేవ మఱవరానిది.

రాతిగుడిని తరలించు విధము చదువరులు తెలిసికొనదగినది. మొదట గుడినంతయు కొలిచి పటములు గీయుదురు. అన్ని ముఖములను ఛాయాచిత్రములు తీయుదురు. పిమ్మట ప్రతి రాతికి ఒక సంఖ్య వ్రాయుదురు. ఏ వరుసలో, ఏ దిక్కున, ఎన్నవ రాయియో ఆ సంఖ్యయే తెలుపును. విప్పుట శిఖరమునుండి మొదలై పునాదితో ముగియును. కట్టుట పునాదినుండి మొదలై శిఖరముతో ముగియును. విఱిగిన రాయినికూడ పాఱవేయరు. అతికి, దాని తావున దానిని నిలుపుదురు. ఒక్కరాయి తప్పిపోయినను పై వరుస కూర్చొనదు. కనుక గుడిలో అన్నిటికంటె చిన్నరాతికిని పెద్దరాతికిని సంఖ్య విషయమున భేదము లేదు. పుస్తకమున అన్నిటికిని చోటు గలదు. ఆలంపురమున సంగమేశ్వరుని గోడ చెంత నిలిచిన పిల్లలకు ఈ సంగతి చెప్పినచో, వారు ఆ గుడిని మునుపటికంటె శ్రద్ధగా చూతురు.

ఇక ఊళ్ల సంగతి. శ్రీశైల జలాశయమున ఇరుగట్ల కలిసి సుమారు నూఱు గ్రామములు మునిగినవి. సుమారు లక్షమంది జనులు స్థానభ్రష్టులైరి. నాటి మహబూబునగరు జిల్లాలో ఆలంపురము, వనపర్తి, కొల్లాపురము ప్రాంతపు నదీతీరగ్రామములు వీనిలో చేరినవి. నల్లరేగడి ఒండ్రునేల గల ఊళ్లవి. 1981లో నీరు రాకమునుపే ఇండ్లు కూల్చి జనులను వెడలించిన తీరును అప్పటి పౌరసంఘములు విచారించి లోకమునకు చాటినవి. తొలుత నిర్ణయించిన పరిహారము చాలదని పలువురు ఏండ్లతరబడి న్యాయస్థానములచుట్టు తిరిగిరి. ముంపునకు గుఱియైన కుటుంబమునకు ఒక ఉద్యోగము నిచ్చుటను గుఱించి 1986లో 98వ సంఖ్య గల ప్రభుత్వపుటుత్తరువు వెలువడెను. ఆ తీరమున "తొంబదియెనిమిది జీవో" అన్న మాట తెలియనివారు లేరు. తండ్రి పెట్టిన అర్జీని కొడుకు మోసికొని తిరుగుచు, ఆ ఉత్తరువు అమలునకై దశాబ్దములు వేచిరి.

ఈ రెండు చరిత్రలను ప్రక్కప్రక్కన నుంచి చూచినపుడు ఒక ప్రశ్న పుట్టును. అదే ప్రభుత్వము, అదే కాలము, అదే వరద. గుడి సురక్షితముగా తరలి, ఊరేల చెల్లాచెదరైనది? దేవునిపై భక్తియు, మనుష్యునిపై నిర్లక్ష్యమును కారణములని చెప్పుట సులభము. పురావస్తుశాఖవారి పని వారు చక్కగా చేసిరి. దానికి వారిని నిందించుట అన్యాయము. కారణము ఇంకను లోతున గలదని నాకు తోచుచున్నది. గుడిని ఒక్కటిగా చూచిరి. ఊరిని ముక్కలుగా చూచిరి. సంగమేశ్వరాలయములో ఎన్ని ఘనపుటడుగుల రాయి గలదో లెక్కించి, ఆ రాతికి బజారు ధర కట్టి, ఆ సొమ్ము పూజారి చేతిలో నుంచి, "పోయి వేఱొకచోట కట్టుకొనుము" అని ఎవ్వరును అనలేదు. అట్లనియుండినచో నేడు ఆలంపురమున ఆ గుడి యుండెడిది కాదు. ఊరి విషయమున సరిగా అదియే చేసిరి. ఎకరమునకింత, ఇంటి గోడకింత, చెట్టునకింత అని వెల కట్టిరి. వెల ముట్టినవాడు తన దారిని తాను పోవలసినవాడయ్యెను.

ఊరన్నది పొలముల మొత్తమును ఇండ్ల మొత్తమును మాత్రమే కాదు. కుండలు చేయువానికి ఏడాదిలో ఇన్ని మానికల గింజలని కట్టుబాటుండును. చాకలికి ఇన్ని ఇండ్లు, మంగలికి ఇన్ని ఇండ్లు, వడ్రంగికి ఇన్ని నాగళ్లు అని వాడుక యుండును. ఆ వాడుకకు పట్టా లేదు. నదిలో వలవేయువానికి నీటిపై పట్టా లేదు. కూలికి పోవు స్త్రీకి ఏ చేను ఏ నెలలో పిలుచునో తెలిసిన తెలివియే ఆస్తి. దానికి వెల కట్టు పుస్తకము లేదు. పురుటికి పిలువదగిన ముసలమ్మ ఎవ్వరో, అర్ధరాత్రి అప్పు పుట్టు గడప యేదో, ఆడుపిల్లకు దిక్కు చూపు పెద్దమనిషి యెవ్వరో, ఇవియన్నియు ఊరి గోడలో రాళ్లు. ఒక్కరాయి తప్పినను పై వరుస కూర్చొనదని గుడివిషయమున మనకు తెలిసినది. ఊరివిషయమున అది తోచలేదు. ఈ రాళ్లకు ఎవ్వరును సంఖ్యలు వ్రాయలేదు. భూమి గలవాడు కొంత సొమ్ముతోనైన వెడలినాడు. భూమి లేనివానికి పోయినది ఎంతయో చెప్పుటకు లెక్కయే లేకపోయెను.

ఇది మన దేశమునకే చెల్లిన లోపము కాదు. అబూసింబెల్ గుడి గట్టెక్కిన కాలముననే, 1963, 64 సంవత్సరములలో, ఈజిప్టున సుమారు ఏబదివేల నూబియనులను నైలునదీతీరపు తమ పల్లెలనుండి ఎత్తి కోమ్ ఒంబో ప్రాంతపు క్రొత్తకాలనీలకు చేర్చిరి. గుడికై లోకమంతయు చందా లెత్తినది. నూబియనుల సంగీతము, తమ నదిని తలచుకొనుటయు నేటికిని వారి మనుమల నోట మిగిలియున్నవి. రామెసీసు బొమ్మల పటములు చూడని చదువరి అరుదు. ఆ పల్లెల పేరు ఒక్కటియైన విన్న చదువరి అంతకంటె అరుదు.

మన సీమలోనే పుట్టిన ఒక మహనీయుడు ఈ దృష్టిలోపమును ఆనకట్టకు ముందే గుర్తించెను. ఆలంపురమునకు సమీపమున బోరవెల్లిలో 1896లో జన్మించిన సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను నడపి, తెలంగాణమున కవులు లేరన్న మాటకు 1934లో గోలకొండ కవుల సంచికతో బదులు చెప్పిరి. 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైరి. ఆయన వ్రాసిన ఆంధ్రుల సాంఘికచరిత్రకు 1955లో కేంద్రసాహిత్య అకాడమీ బహుమతి లభించెను. రాజుల యుద్ధములను విడిచి, జనులేమి తినిరి, ఏమి కట్టిరి, ఏ ఆటలాడిరి, దేనిని నమ్మిరి అని వెదకిన గ్రంథమది. శాసనము రాజును చెప్పును. వంటయిల్లు ప్రజను చెప్పును. చాళుక్యుల గుడిని చదువుటకు మనకు పండితులు గలరు. ఆ గుడినీడ నివసించిన ఊరిని చదువుటకు ప్రతాపరెడ్డిగారి చూపు కావలెను.

సోమశిల ఒడ్డు ఆ చదువునకు తగిన బడి. కొల్లాపురమునుండి సుమారు పది కిలోమీటర్లు పోయినచో మెట్టపై తరలివచ్చిన సోమేశ్వరుని గుళ్లు, క్రింద కృష్ణ, ఆవల నల్లమల కొండలు కానవచ్చును. 2016 ఆగస్టులో కృష్ణాపుష్కరములకు జనసముద్రము వచ్చిన రేవిది. స్నానఘట్టమును దాటి ఒడ్డువెంట కొంతదూరము నడచినచో అంగళ్లు, కేకలు వెనుకబడిపోవును. నిండుగా నున్ననాడు అది సరస్సు. కొండలు నీటిలో తలక్రిందులుగా నిలుచును. వేసవిలో నీరు దిగినపుడు అది వేఱొక లోకము. కొండరాళ్లపై నీటిమట్టపు గీతలు మెట్లు మెట్లుగా కానవచ్చును. దిగువన ఒండ్రు బీటలు వాఱి యుండును. అక్కడక్కడ కూలిన గోడల మొదళ్లును, చెక్కిన రాళ్లును తలయెత్తును. ఆవలిగట్టున సప్తనదీసంగమేశ్వరము గలదు. ఆ గుడిని నీటిలోనే విడిచిరి. ఏడాదిలో అధికభాగము మునిగియుండి, నీరు తగ్గిన కొన్ని నెలలు మాత్రము దర్శనమిచ్చును. 1981లో మునిగినపిమ్మట అది మరల బయటపడినది 2003లో. అచ్చటి మూలవిరాట్టు వేపమ్రానిదని ప్రతీతి. పూజారులు పడవపై పోయి, నీరు దిగిన నాళ్లలో పూజలు చేయుదురు.

ఈ ఒండ్రే ఊళ్లపై కప్పబడిన దుప్పటి. జలాశయము కట్టిననాడు దానిలో 308 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టునని లెక్క. నది మోసికొని వచ్చిన మట్టి అడుగున పేరుకొనగా నేడది సుమారు 215కు తగ్గినది. గోడలమొదళ్లు నేడు కానవచ్చుచోట రేపు మట్టియే కానవచ్చును. నీరు దిగినప్పుడు పూర్వపు రైతులు కొందఱు ఆ ఒండ్రులో దుక్కి దున్ని పంట తీసికొందురు; నీరు మరల వచ్చులోపల పండిననే ఫలము. కోస్తాజిల్లాలనుండి వలస వచ్చిన మత్స్యకారులు ఒడ్డున పాకలు వేసికొని పుట్టెలలో తిరిగి చేపలు పట్టుచున్నారు. ఒకరి ఊరు మునిగినచోట మఱియొకరికి జీవనము దొరకినది. తీరము ఎవరికొఱకును ఆగదు.

నది వెడల్పైనపిమ్మట ఇరుగట్ల బంధుత్వములకు పడవయే దిక్కయ్యెను. 2007 జనవరిలో మంచాలకట్ట, నెహ్రూనగరుల నడుమ పడవ మునిగి అరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. నాటినుండి వంతెన కావలెనన్న మొఱ గట్టియైనది. సోమశిల సిద్ధేశ్వరముల నడుమ వంతెనకు 2022లో కేంద్రప్రభుత్వము అంగీకారము తెలిపెను. ఈ సంగతి విహారమునకు వచ్చినవారును మఱవరాదు. ఒడ్డు అందమైనది, కాని రేవు విడిచి క్రొత్తచోట నీటిలో దిగుట ప్రమాదము. అడుగున పాతబావియుండునో, ఒండ్రుగుంటయుండునో కంటికి తెలియదు. ప్రాణరక్షకపు అంగీ లేనిదే పిల్లలను పడవ యెక్కింపరాదు.

అయినచో మనము చేయదగిన పని యేమి? మునిగిన ఊరిని పైకెత్తజాలము. ఆ కాలము గడచినది. నష్టపడినవారికి రావలసినది రాబట్టుట ప్రభుత్వముయొక్కయు, న్యాయస్థానముయొక్కయు బాధ్యత. దానిని అడుగుట పౌరుల బాధ్యత. కాని చదువుకొన్న కుటుంబములు తమంత తాము చేయగల పని యొకటి గలదు. 1981లో ఇరువదియేండ్ల కోడలిగా పాత సోమశిలలోనో, పాత జటప్రోలులోనో నీళ్లు తోడిన స్త్రీ నేడు అరువది దాటినది. ఊరినడుమ రావిచెట్టు ఎచ్చటనుండెనో, ఏ వాడకు ఏ బావి వాడుకయో, ఏ కులమువారికి ఏ బావి వారింపబడెనో ఆమెకు తెలియును. ఆఖరి సంగతినికూడ వ్రాసికొనవలెను. మునిగినంతమాత్రమున ఊరు స్వర్గము కాదు. అందు అన్నమును ఉండెను, అంటరానితనమును ఉండెను. మెచ్చుకొనుటకు కాక, తెలిసికొనుటకు చరిత్ర వ్రాయుదుము గదా. ఇంకొక పదిపదునైదేండ్లు గడచినచో అడుగుటకు ఆమె యుండదు. ఆమె ఊరిపై మఱికొంత మట్టి పేరుకొనియుండును.

కొల్లాపురము, పెంట్లవెల్లి, వీపనగండ్ల, ఆలంపురము ప్రాంతపు పాఠశాలలలో ఉపాధ్యాయులు పై తరగతుల పిల్లలచేత ఈ పని చేయింపవచ్చును. పునరావాసకాలనీలోని అవ్వ తాతలయొద్దకు పంపి, పాత ఊరి పటమును నేలపై గీయించి, కాగితమున కెక్కింపవచ్చును. గ్రంథాలయములు ఆ కాగితములను భద్రపఱుపవచ్చును. తరలిన ప్రతి గుడిముందు ఒక పలక నిలుపవచ్చును. "ఈ ఆలయము ఫలానా శతాబ్దమున ఫలానావారు కట్టినది" అన్న మాటక్రింద, "ఫలానా ఊరినుండి తరలివచ్చినది, ఆ ఊరిలో ఇన్ని గడపలుండెను, వారు ఇప్పుడు ఇచ్చటిచ్చట నున్నారు" అని మఱి రెండు పంక్తులు చేర్చుటకు ఎక్కువ వ్యయము కాదు. సంగమేశ్వరుడు సంగమమును విడిచి వచ్చెనన్న సంగతి యాత్రికునికి తెలిసినచో, ఆయనతోపాటు రాలేనివారిని గుఱించి అడుగవలెనని అతనికి తోచును.

సోమశిలకు పోవు కుటుంబములు గుళ్లను చూడవలెను, ఒడ్డున కూర్చొనవలెను, వేడి చేపలపులుసును తినవలెను. అవియన్నియు ముగిసినపిమ్మట ఒడ్డుననున్న పెద్దవారి నొకరిని, "అయ్యా, ఈ నీటిక్రింద నున్న ఊరి పేరేమి?" అని మర్యాదగా అడుగవలెను. ఆయన చెప్పిన పేరును పిల్లలచేత వ్రాయించుకొని ఇంటికి రావలెను.